పాటలాయన తాళం

ఆ రోజుల్లో భయమంటే ఇప్పటిలా టీవీలో చూసి పడేది కాదు, తలుపు తట్టి లోపలికి వచ్చేది. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన ఏడు నేను ఆ దేశంలోనే ఒక పెద్ద హోటలు వంటింట్లో గిన్నెలు తోమేవాణ్ణి. అక్కడ రోజూ సాయంత్రం ఒక అమెరికా నల్లాయన ఫంక్, సోల్ అనే వాళ్ళ దేశపు పాటలు పాడేవాడు. మేం ఆయన్ను పాటలాయన అనేవాళ్ళం. చిన్నప్పుడు చర్చిలో పాడాడట, వయసులో ఉండగా ఒక రికార్డు ఊరూరా మోగిందట, రెండోదాన్ని ఎవరూ కొనలేదట, అట్లా హోటళ్ళ పాలయ్యాడు. (ఇదంతా ఆయన సైగలతో చెప్పింది. నాకు వేరేగా అర్థమై ఉంటే ఆ తప్పు నాదే.) తినేవాళ్ళు ప్లేటు మీంచి తల ఎత్తేవాళ్ళు కాదు. వినేది గిన్నెల దగ్గర మేమే.

సైనికులు అమెరికా వాళ్ళను వెతికి పట్టుకుపోతున్నారని తెలియగానే ఆయనకు వంటవాడి చొక్కా తొడిగి, వెనక తలుపు గుండా ఫర్వానియా అనే పేటలో మా గదికి తెచ్చేశాం. లుంగీ కట్టి నామం పెట్టాం. రంగులో నాకూ ఆయనకూ పెద్ద తేడా లేదు, ఆయనే కాస్త మేలు. నోరు తెరిస్తేనే ప్రమాదం. గదికి పెద్ద మా చిన్నాయన. భజనలో పాడొద్దు, చప్పట్లు మాత్రం కొట్టమని నోటిమీద వేలేసి చూపించాడు.

శనివారం భజన చేస్తుండగా ఒక సైనికుడు తుపాకితో వచ్చి నిలబడ్డాడు. చిన్నాయన భజన ఆపలేదు. పాటలాయన నోరైతే మూసుకున్నాడు గానీ చేతులు ఆయన మాట వినలేదు. మేం దెబ్బ వేసినచోట ఆగుతాడు, మేం ఆగినచోట వేస్తాడు. సైనికుడి చూపు ఆ చేతుల మీద నిలిచింది. అది గమనించిన చిన్నాయన ఏమీ ఎరగనట్టు తన చెక్కలను ఆయన దెబ్బకు మార్చేశాడు. వెంటనే గదంతా మారింది. నేను మారలేదు. ఊళ్ళో తాళం తప్పితే నెత్తిన మొట్టింది ఆ చిన్నాయనే, మరి నేనెందుకు తప్పుతాను? ఇంకా గట్టిగా కొట్టాను. సైనికుడు నావైపు తిరిగాడు.

చిన్నాయన నన్ను చూపించి, కణత దగ్గర వేలు తిప్పుతూ, "మజ్నూన్" అన్నాడు. పిచ్చోడని. సైనికుడు నవ్వి, నా నెత్తిన ఒకటి తట్టి వెళ్ళిపోయాడు.

"నేను సరిగ్గానే కొట్టినా కదా చిన్నాయనా?" అన్నాను.

"కొట్టినావులే అబ్బీ. ఇంగ రవ్వంత సేపు కొట్టింటే ఆ మనిషిని మోసుకపోయేటోళ్ళు."

చలికాలంలో అమెరికా వాళ్ళను పోనిస్తున్నారని తెలిసింది. వెళ్ళేముందు పాటలాయన మా గదిలో గొంతెత్తి ఒక పాట పాడాడు. అన్నం చల్లారిపోయినా ఎవరూ ముట్టలేదు.

ఇప్పుడు ఊళ్ళో భజనకు కూర్చుంటే పిల్లకాయలు ఈ ముసలాయనకు తాళం రాదని మూతి బిగించి నవ్వుతారు. ఆనాడు గదంతా తప్పితే నేనొక్కణ్ణే సరిగ్గా కొట్టాను. ఇప్పుడు ఊరంతా సరిగ్గా కొడుతుంటే నా చెయ్యి మాత్రం వాళ్ళు ఆగినచోట పడుతుంది.