నూనె అక్కడ, మనిషి ఇక్కడ

మొన్న బుధవారం ఉదయం పదిన్నరకి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అవతల నర్సు అడిగిన మొదటి ప్రశ్న, "పేషెంటుకి మీరేమవుతారు?" అని. పాఠకులారా, రోజుకి నలభై ఫారాలు నింపేవాణ్ణి, 'సంబంధం' అనే గడి దగ్గర జీవితంలో తొలిసారి ఆగిపోయాను. కొడుకుని కాను, అల్లుణ్ణి కాను. శిష్యుణ్ణి అంటే అలాంటి గడి ఏ ఫారంలోనూ ఉండదు. "రూమ్మేట్‌ని" అన్నాను. రూమ్మేట్‌కి చెప్పొచ్చో లేదో ఆవిడ ఎవరినో అడిగొచ్చి, అప్పుడు చెప్పింది. మాస్టారు పోయారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన పేరు ఎక్కడ రాసినా కింద సంతకం పెట్టించి ముద్ర వెయ్యాలనిపిస్తుంది. ఇరవై రెండేళ్లు దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో ఒక టైపింగ్ సెంటర్ నడిపిన మనిషి. టైపింగ్ సెంటర్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. ఈ దేశంలోకి రావాలన్నా, ఉండాలన్నా, పోవాలన్నా దరఖాస్తు కావాలి. దాన్ని టైపు చేసిపెట్టే చిన్న కొట్టు అది. చివరి నాలుగేళ్లూ అందులో ఆయనకి సహాయకుణ్ణి నేను. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడానికి మాత్రమే ఆ చదువు వాడుకున్న మేధావిని.

ఆ మధ్యాహ్నం ఆయన వీసా రద్దు దరఖాస్తూ, భౌతికకాయాన్ని ఊరికి పంపే కాగితాలూ మా కంప్యూటర్ మీదే నేను టైపు చేశాను. ఒక్క తప్పు లేదు. ఆయన ఉంటే ఒకటి పట్టుకునేవారు. ఆయన భార్యని నేను పిన్ని అంటాను. పక్కనే ఉన్న అజ్మాన్‌లో ఒక విల్లాలో వంటమనిషి. ఆవిడ కూడా అదే విమానంలో ఆయన వెంట వెళ్లింది. ఎనిమిది నెలలుగా అడుగుతున్న సెలవు ఆవిడకి ఆ రోజు గంటలో దొరికింది.

మాస్టారి దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం, ఏ కాగితాన్నైనా సంతకానికి ముందు ఆ మనిషికి చదివి వినిపించాలన్నది. ఒకసారి ఒక బీహార్ డ్రైవరు వచ్చి బల్ల మీద చేతులు పెట్టి, బయట వాళ్ల మేనేజరు నిలబడ్డాడని కంగారు పడుతున్నాడు.

"మాస్టర్‌జీ, జల్దీ కరో. ముదీర్ బాహర్ ఖడా హై."

"ముదీర్ ఖడా రహేగా. తూ పహలే సున్" అని మాస్టారు ఆ రాజీనామా కాగితాన్ని మొదటి నుంచీ హిందీలో చదివి వినిపించారు. మూడో లైనులో ఆ కుర్రవాడికి అర్థమైంది, తనకి రావాల్సినవన్నీ తను వదులుకున్నట్టు అందులో ఉందని. బయట నిలబడ్డ ముదీర్ మళ్లీ మా కొట్టు ముఖం చూడలేదు. నేను వ్యాపారం పోయిందని సణిగితే ఆయన నా వైపు కళ్లజోడు మీదుగా చూసి, "ఏరా ఇంజనీరూ, చదవకుండా పెట్టిన సంతకం సంతకమా, దెబ్బా?" అన్నారు.

ఇంకో మాట కూడా తరచూ అనేవారు. "గడి ఖాళీగా వదలకు. వదిలితే ఎవడికి తోచింది వాడు రాసుకుంటాడు."

ఆయన వెన్నునొప్పి మొదట కుర్చీ మీదికి తోశాం. కొత్త కుర్చీ కొన్నాక దిండు మీదికి తోశాం. దిండు మార్చాక పరీక్షలు చేయిస్తే, తప్పు కుర్చీదీ కాదు, దిండుదీ కాదని తేలింది. ఎక్కడో మొదలైన కాన్సర్ వెన్నుపూసల దాకా వచ్చేసింది. డాక్టరు ఆ సంగతి చెబుతుంటే మాస్టారు రిపోర్టులో తన పుట్టిన తేదీ తప్పు పడిందని చూపించి దిద్దించుకున్నారు. తేదీ సరయింది. మిగతాదంతా అలాగే ఉంది.

చికిత్స మధ్యలో మూడు వారాలు అమలాపురం దగ్గర తమ ఊరికి వెళ్లొచ్చారు. పిన్నికి సెలవు దొరకలేదు కాబట్టి ఒక్కరే వెళ్లారు. అక్కడ లైసెన్సున్న ఒక ఆయుర్వేద డాక్టరు చీటీ రాసి, గంజాయి ఆకుతో చేసిన నూనె ఇచ్చాడు. అక్కడ అది మందే, చీటీ ఉంటే కొట్లో ఇస్తారు. నాలుక కింద రెండు చుక్కలు. మాస్టారు నాకు ఫోన్ చేసి చెప్పిన మాటలు ఇవి: "ఒరే, రాత్రి ఆరు గంటలు పడుకున్నానురా. పొద్దున్నే రెండు పెసరట్లు తిన్నాను. మతి చక్కగా ఉంది. ఇందాక మా తమ్ముడి పట్టాదారు పుస్తకంలో తప్పు కూడా పట్టుకున్నాను."

తిరిగి వచ్చేటప్పుడు ఆ సీసా అక్కడే బీరువాలో పెట్టి వచ్చారు. ఈ దేశంలో ఆ మాట మా గదిలో తలుపు వేసుకుని కూడా అనేవాళ్లం కాదు. 'నూనె' అనేవాళ్లం. దిగిన నాలుగో రోజుకి నొప్పి, తాళం చెవి ఉన్న మనిషిలా నేరుగా లోపలికి వచ్చేసింది.

"ఊరెళ్లిపోండి మాస్టారూ" అన్నాను.

"ఎవరితో వెళ్లను?"

పిన్ని అగ్రిమెంటు అప్పుడే రెండేళ్లకి తిరగరాశారు. మేడం చెడ్డ మనిషి కాదు. "కొత్త మనిషి దొరికేదాకా ఆగు" అనేది. ఎన్నిసార్లు అడిగినా, కొత్త మనిషి వచ్చేది మాత్రం బుక్రాయే, అంటే రేపే. పిల్లల్లేని దంపతులు. వారంలో ఆదివారం ఒక్కరోజు ఆవిడ మా గదికి వచ్చేది.

"అక్కడ నొప్పి లేదురా" అన్నారు మాస్టారు. "మనిషీ లేదు."

అంటే నూనె ఇక్కడికి రావాలి, లేదా ఆవిడ అక్కడికి పోవాలి. రెండూ ఎవరో ఒకరు సంతకం పెడితే తప్ప కదలవు. మేడం సంతకం మా చేతిలో లేదు. నూనె సంగతి చూద్దామని కూర్చున్నాం.

ముందు ఇక్కడి డాక్టర్ని అడిగాం. మంచివాడే. ఆ మాట వినగానే కుర్చీ వెనక్కి జరిపి, "మీరు అడగలేదు, నేను వినలేదు" అన్నాడు. తర్వాత నేను నెట్‌లో వెతికాను. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి రోగులకి కార్డు ఇస్తారట. మాస్టారికి చెప్పాను.

"కార్డంటే?"

"మన ఎమిరేట్స్ ఐడీ లాంటిదండీ. చూపిస్తే కొట్లో మందు ఇస్తారు."

"పోలీసు ఆపితే?"

"పోలీసుకీ అదే చూపిస్తారు."

"దాని ఫారం దొరుకుతుందేమో చూడు" అన్నారు.

ప్రింటు తీసి ఇచ్చాను. పాఠకులారా, ఆ నాలుగు పేజీలూ మాస్టారు పండగ సంచిక చదివినట్టు చదివారు. "చూశావా, రోగి కదల్లేకపోతే తెచ్చిపెట్టే మనిషికి కూడా విడిగా కార్డిస్తారంటరా. ఆ మనిషి పేరుకి ఇదిగో గడి." పెన్ను తీసి ఆ గడిలో పిన్ని పేరు ముత్యాల్లాంటి అక్షరాల్లో రాశారు. జబ్బు రాశారు, నొప్పి ఎక్కడెక్కడో రాశారు. 'ఈ రాష్ట్రంలో నివాసమా' అన్న చోట 'కాదు' అని రాశారు. సంతకం పెట్టారు.

"ఇది ఎక్కడికి పంపాలి మాస్టారూ?"

"ఎక్కడికీ వద్దు. చెయ్యి మర్చిపోకుండా ఉంటుందని."

అప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి నవ్వాను అనుకోండి.

బయటి దేశం నుంచి సొంత వాడకానికి మందు తెచ్చుకోవాలంటే ముందే అనుమతి అడిగే దరఖాస్తు ఇక్కడా ఉంది. అదే వేద్దామన్నారు. గదిలోనే లాప్‌టాప్ మీద నేను టైపు చేస్తున్నాను. మందులో ఏముందో రాసే గడి వచ్చింది. నా మహా తెలివితేటలతో 'నువ్వుల నూనె, సంప్రదాయ మూలికలు' అని కొట్టాను. అబద్ధం కాదు కదా.

"చదువు" అన్నారు మంచం మీంచి. చదివాను.

"అసలుది ఎక్కడుంది?"

"మూలికల్లో ఉందండీ."

ఆయన లేచి వచ్చారు. మంచానికీ బల్లకీ మధ్య నాలుగడుగులే, రెండుసార్లు ఆగారు. కీబోర్డు తన వైపు లాక్కుని, ఒక్కొక్క అక్షరమే కొట్టి, ఆ మొక్క అసలు పేరు రాశారు. ఆ పేరు రాస్తే ఏం జవాబు వస్తుందో ఈ ఎమిరేట్‌లో ఆయన కంటే బాగా తెలిసినవాడు లేడు.

"ఎందుకు మాస్టారూ, వాళ్లు చూసుకునేవారు కారు."

"చదివి వద్దంటే అది జవాబురా. చదవకుండా సరేనంటే అది ఉచ్చు. రేపు ఎయిర్‌పోర్టులో ఆ సీసా పట్టుకుని నిలబడేది ఎవరు? నేనా? మీ పిన్నా?"

జవాబు రెండు రోజులకి వచ్చింది. అనుమతి లేని పదార్థం, తిరస్కరించడమైనది. ఇంకోసారి వేశాం, డాక్టరు చీటీ అనువాదంతో, ముద్రతో. అదే జవాబు వచ్చింది, ఈసారి ఇంకా త్వరగా.

నేను ఊరుకోలేదు. ఆ నెల నా సెలవు ఉంది. వచ్చేటప్పుడు ఆ సీసా తలనూనె డబ్బాలో పోసి తెస్తానన్నాను. దొరికితే ఏమవుతుందో మా కొట్టుకొచ్చే కేసు కాగితాల్లో ఇద్దరం చదివినవాళ్లమే. అయినా అన్నాను. నొప్పితో దుప్పటి అంచు కొరికే మనిషి పక్క మంచంలో ఉంటే మీరూ అంటారు.

ఆయన నన్ను తిట్టింది ఆ ఒక్కసారే. "నొప్పి నాది. దాన్ని నీ పాస్‌పోర్టుకి అంటించకు. ఇంకోసారి ఆ మాట అన్నావంటే గది మార్చుకో."

ఇక మిగిలింది ఆసుపత్రి వాళ్లిచ్చే గట్టి మాత్రలు. అవీ సులువుగా ఏమీ రావు. వారానికి సరిపడా మాత్రమే ఇస్తారు. ఐడీ పట్టుకుని మనిషి స్వయంగా వెళ్లాలి. నొప్పి తగ్గించే మందు కోసం ఆయన్ని నొప్పితోనే టాక్సీలో కూర్చోబెట్టి తీసుకెళ్లేవాణ్ణి. స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడల్లా డ్రైవర్ని చూసి నవ్వేవారు, అతను బాధపడతాడని.

ఆ మాత్రలు పనిచేసేవి. కాకపోతే నొప్పితో పాటు మనిషిని కూడా తీసుకెళ్లిపోయేవి. పొద్దున్న ఎనిమిదింటికి వేసుకుంటే సాయంత్రం దాకా ఒళ్లు తెలియని నిద్ర. నూనెతో అలా కాదు కదరా అనేవారు, మతి చక్కగా ఉండేదని.

పిన్ని ఆదివారం పదింటికి వచ్చి ఐదింటికి వెళ్లిపోతుంది. మొదటి ఆదివారం ఆవిడ వచ్చింది, కూర్చుంది, వెళ్లింది. ఆయనకి తెలియలేదు. లేచాక గిన్నెలో పులస కాకపోయినా చేపల పులుసు వాసన చూసి, ఎవరి మీదో తెలియని కోపంతో గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆ తర్వాత నుంచి ఆదివారం మాత్ర వేసుకోవడం మానేశారు. తలస్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. చెమట కారుతుంటే ఏసీ సరిగ్గా లేదని నన్ను తిట్టేవారు. ఏసీ పద్దెనిమిది మీద ఉండేది, నేను స్వెట్టర్లో ఉండేవాణ్ణి.

"ఏవండీ, నొప్పెలా ఉందండీ?"

"నొప్పా? ఆయ్, అదీ ఆదివారం సెలవు తీసుకుంటుంది, నీలాగే."

"మరి అన్నం అలా కెలుకుతున్నారేంటి?"

"నీ వంట తిని ఎన్నాళ్లయిందే, అలవాటు తప్పింది."

ఆవిడ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. గదిలో ముగ్గురికి ముగ్గురం నటులమే.

ఫారాల మనిషి కదా, ప్రతి మాత్ర వెనకా రేకు మీద పెన్నుతో వారం పేరు రాసుకునేవారు. నాలుగో ఆదివారం ఆయన బాత్రూంకి వెళ్లి ఎంతకీ రాలేదు. పిన్ని బల్ల సర్దుతూ ఆ రేకులు చూసింది. సోమ, మంగళ, బుధ అన్నీ చిరిగి ఉన్నాయి. 'ఆది' అని రాసినవి మూడు రేకుల్లోనూ అలాగే ఉన్నాయి. ఆవిడ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. రేకులు ఎక్కడివక్కడ పెట్టేసింది.

తర్వాతి శనివారం సాయంత్రం ఆవిడ ఆయనకి ఫోన్ చేసింది. "ఏవండీ, రేపు మేడం సెలవివ్వలేదండి. ఇంటికి చుట్టాలొస్తున్నారు." ఆయన సరేలే అని ఫోను పెట్టేసి, ఆదివారం పొద్దున్న మాత్ర వేసుకున్నారు.

పదింటికి నా ఫోన్లో మెసేజి: 'పడుకున్నారా బాబూ?' తలుపు తీస్తే ఎదురుగా పిన్ని.

ఆ రోజంతా మంచం పక్కన కూర్చుంది. ఆయన కాలు తీసి ఒళ్లో పెట్టుకుని గోళ్లు కత్తిరించింది. దుప్పటి సర్దింది. నిద్రలో ఆయన ముఖం మీద ముడత ఒకటి విడిపోతే, నన్ను పిలిచి చూపించింది. "ఇలా ఉండేవారు నాన్నా, నువ్వు చూడలేదు కదా" అంది. నాలుగున్నరకి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. చెప్పొద్దంది. చెప్పనన్నాను.

మాస్టారు లేచి కాళ్ల వైపు చూసుకున్నారు.

"గోళ్లు ఎవర్రా కోసింది?"

"నేనేనండి."

"నీ గోళ్లే నువ్వు పళ్లతో కొరుక్కుంటావు కదరా" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత ఆయనకి మిగిలినవి ఐదు ఆదివారాలు. ప్రతి శనివారం సాయంత్రం పిన్ని ఫోన్ చేసి సెలవివ్వలేదండి అనేది. ఆయన ఏం చేస్తాంలే అనేవారు. పొద్దున్నే నన్ను పిలిచి, మూలనున్న ప్లాస్టిక్ కుర్చీని మంచం పక్కకి లాగమనేవారు. ఎందుకు మాస్టారూ అంటే, ఊరికేరా, అక్కడుంటే బాగుంటుంది అనేవారు. ఆ కుర్చీకి మధ్యలో పగులుంది, కూర్చున్నవాళ్ల బట్ట అందులో పడి నొక్కుకుంటుంది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, పక్కకి వంగలేని ఆ నడుముతోనే వంగి, పగులు మీద తనే పరిచేవారు. అరచేత్తో ఒత్తి సమంగా ఉందో లేదో చూసుకునేవారు. అప్పుడు మాత్ర వేసుకుని, కుర్చీ వైపు తిరిగి పడుకునేవారు.