ఆఖరు లైనును నమ్మని సార్

పోయిన సోమవారం పొద్దున మెషిన్ రూం తాళం తీస్తుంటే మా అటెండర్ వెనక నుంచి వచ్చి, "మేడం, సార్ రాత్రి దవాఖానల కాలం చేసిండ్రట" అన్నాడు. ఏ సార్ అని నేను అడగలేదు. హన్మకొండలోని మా కంప్యూటర్ సెంటర్లో సార్లకు కొదవ లేదు గాని, పేరేమీ చెప్పకుండా ఉత్త సార్ అంటే ఒక్కరే. ఈ సెంటరును మొదటి రోజు నుంచి నడిపి, నాకు ఈ పని నేర్పిన మనిషి. రిటైర్ కావడానికి ఇంకా ఏళ్లున్నాయి. ఆ పూట నేనేం పని చేశానో నాకే తెలియదు.

సార్ వాళ్లది వరంగల్ గంజ్‌లో వడ్ల వ్యాపారం. అన్నదమ్ములంతా వడ్లు తూచే తరాజు పట్టుకుంటే ఈయన ఒక్కరు చదువు పట్టుకుని వచ్చారు. అయినా కొట్టు మీద కూర్చున్న అలవాట్లు పోలేదు. మెషిన్ రూంలోకి చెప్పులు విప్పి వచ్చేవారు. మేమెవరమైనా కీబోర్డు దగ్గర చాయ్ కప్పు పెడితే కోప్పడేవారు కాదు, ఆ కప్పు తీసుకుని తానే తాగేసేవారు. దాంతో మాకు రెండు రోజుల్లో బుద్ధి వచ్చింది.

కాలేజీల పరీక్షల మార్కులన్నీ మా మెషిన్లోనే ఉండేవి. దాని పక్కన టైపు మిషన్ లాంటిది ఒకటి, మెషిన్ చేసిన పనినీ చేయలేకపోయిన పనినీ టైముతో సహా కాగితం చుట్ట మీద కొట్టుకుంటూ పోయేది. దాన్ని లాగ్ అనేవాళ్లం. మెషిన్ ఆగిందంటే అందరం ఆఖరు లైను చదివి, అది ఏ వస్తువు పేరు చెబితే ఆ వస్తువు మీద పడేవాళ్లం. సార్ మాత్రం కాగితాన్ని వెనక్కి లాగి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఏ గొడవా లేని రోజు నుంచి చదువుతూ వచ్చేవారు. "అది గొణిగినప్పుడు వినకపోతే, మొత్తుకున్నప్పుడు విని ఏం ఫాయిదా" అనేవారు. ఆయన చదువుతుంటే పక్కన నిలబడడం మాకు పెద్ద శిక్ష. ఇప్పుడు నేను కొత్తవాళ్లకు అదే శిక్ష వేస్తున్నాను.

నేను చేరిన కొత్తలో నాది టెంపరరీ ఉద్యోగం. నాన్నకు పక్షవాతం వచ్చి మంచం పట్టాక ఇల్లు నా జీతం మీదే నడిచేది. ఆ ఏడు దసరాకు సార్ మెషిన్‌కు ఆయుధ పూజ చేద్దామన్నారు. వాళ్ల నాన్న కొట్టులో తరాజుకు ఎట్లా చేసేవారో అట్లాగే చేశారు. బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, డిస్కు డ్రైవు మూత కూడా తెరిచి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి గది నాలుగు మూలలా తిప్పారు. ఏసీ గది కదా, పొగకు పోయే దారి లేదు. మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. అందరం దండం పెట్టుకుని కొబ్బరి ముక్కలు తిన్నాం. మర్నాడే సార్ ట్రైనింగుకని హైదరాబాద్ వెళ్లారు.

దీపావళికి ముందు, నేను టెర్మినల్ దగ్గర కూర్చుని మార్కుల ఫైల్లో రెండుసార్లు ఎక్కిన హాల్ టికెట్ నంబర్లు తీసేస్తుండగా మెషిన్ ఆగిపోయింది. టెర్మినళ్లు అడిగిన రికార్డులు అందించే ప్రోగ్రాం ఎంత లేపినా లేవలేదు. లాగ్‌లో ఆఖరు లైను చూస్తే, మార్కుల ఫైలు తెరుచుకోవడం లేదని, అడిగినది నా టెర్మినలని ఉంది. ఇంకేం కావాలి? అమ్మాయి తీసేయకూడనిదేదో తీసేసింది అన్నారు. సాయంత్రానికల్లా ఆ మాట డైరెక్టర్ దాకా వెళ్లింది. రేపటి నుంచి రావద్దంటారని నాకు అర్థమైపోయింది. నాన్నకు ఏం చెప్పాలో తెలియక ఇంటికి పోవడానికి భయపడ్డాను.

ట్రంక్ కాల్ అందుకుని సార్ మర్నాడు పొద్దున్నే దిగారు. కాగితం చుట్టను వరండాలో పొడుగ్గా పరిచి, మోకాళ్ల మీద వంగి చదవడం మొదలుపెట్టారు. నేను గోడకానుకుని ఏడుస్తున్నాను.

"ఏడ్వకు బిడ్డా," అన్నారు తలెత్తకుండానే. "ఆఖరు లైను కిందపడ్డోని పేరు చెప్తది. నెట్టినోడు ఇంకా పైన ఉంటడు."

చదువుతూ చదువుతూ వరండా అవతలి కొసకు పోయారు. అక్కడ ఒక లైను మీద వేలు పెట్టి ఆగారు. డిస్కు మొదటిసారి చదవలేకపోయి, మళ్లీ ప్రయత్నించి చదివింది అనే చిన్న లైను అది. పని జరుగుతోంది కదా అని మేమెవరం అలాంటి లైన్లను లెక్కచేయలేదు. అక్కడి నుంచి రోజు రోజుకూ అవి ఎక్కువవుతూ వచ్చాయి. దానికి పైన మాత్రం అలాంటి లైను ఒక్కటీ లేదు. ఆ మొదటి లైను పక్కనున్న టైము, దసరా పూజ అయిపోయిన గంటకు. డిస్కును చదివే హెడ్డు దానికి తగలకుండా వెంట్రుక మందం కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంది, ఆ సందులో పొగ నుసి కూడా పట్టదు. ఆ సంగతి మాకు పాఠంగా చెప్పింది సారే. ఆయన మొహం చూసి నా ఏడుపు ఆగిపోయింది.

డైరెక్టర్ గది బయట నిలబడి అంతా విన్నాను. డైరెక్టర్ చెడ్డవాడేం కాదు. సార్ మీద అభిమానంతోనే, ఆ అమ్మాయిది ఎలాగూ టెంపరరీ పోస్టు, ఆమె పొరపాటని రాసి ముగించేద్దాం, పూజ సంగతి పైవాళ్లకు తెలిస్తే మీ చేతిలో సెంటరు ఉండనివ్వరు అని నచ్చజెప్పాడు.

"ఆమెను తీసేస్తే పొగ పోతదా సార్?" అన్నారు మా సార్. "కారణం తప్పు రాస్తే మళ్ల దసరాకు మళ్ల ఏస్తం. సాంబ్రాణి ఏసింది నేను. నా పేరే రాయున్రి."

రాశారు. పాత టేపుల నుంచి మార్కులు చాలావరకు వెనక్కి తెచ్చాం, మిగిలినవి మళ్లీ టైపు చేశాం. నా ఉద్యోగం నిలిచింది, తర్వాత పర్మినెంటూ అయింది. సార్ చేతిలో నుంచి సెంటరు తీసేసి, కింది అంతస్తులో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే పని ఇచ్చారు. అంత ప్రాణంగా చూసుకున్న మెషిన్‌ను ఆయన మళ్లీ ముట్టుకోలేదు. ఎదురుపడినప్పుడల్లా, "ఏం రాస్తాంది మన లాగ్?" అని మాత్రం అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఒక్కసారి కూడా ఆయన ముందు థాంక్స్ అనే మాట నా నోట్లోంచి రాలేదు.

దసరా పూట మెషిన్ ఆపం గనుక నాకు డ్యూటీ ఉండేది. సార్ వాళ్ల అన్నదమ్ముల కొట్టులో పూజ ముగించుకుని, నా చేతిలో జమ్మి ఆకు పెట్టడానికి పైకి వచ్చేవారు. కిందటి దసరాకూ వచ్చారు. బాగా చిక్కిపోయారు, మెట్లెక్కిన ఆయాసం తగ్గడం లేదు. లోపలికొచ్చి కూర్చోండి సార్ అని తలుపు పట్టుకుని బతిమాలాను.

"వద్దు బిడ్డా. నా అంగి నిండ సాంబ్రాణి వాసనే ఉన్నది" అన్నారు.

జమ్మి నా చేతిలో పెట్టి, తలుపు తానే మూశారు. లోపల నేను, బయట ఆయన. తలుపుకున్న చల్లటి అద్దానికి మొహం దగ్గరగా పెట్టి డిస్కు వైపే చూస్తుంటే ఊపిరికి అద్దం మసకబారింది. అరచేత్తో తుడిచి మళ్లీ చూశారు. మళ్లీ మసకబారింది. ఈసారి తుడవకుండా, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ ఆవిరి కాసేపు అద్దం మీద అట్లాగే ఉండి, చుట్టూ నుంచి కొంచెం కొంచెంగా ఆరిపోయింది.