జడ్చర్ల దాకా ఒక బట్టముక్కల మూట

"మీ సరుకులో మిక్స్ ఉంది, ఇక పంపొద్దు" అని జడ్చర్ల మిల్లు నుంచి ఫోన్ వచ్చిన మరునాడే బయలుదేరాను. నల్గొండ శివార్లలో మాది చిన్న రేకుల షెడ్డు. కుట్టు కంపెనీలు పారేసే కత్తిరింపులు, కుట్టు చెడిన ముక్కలు తెచ్చి నూలు వేరు, పాలిస్టర్ వేరు, రెండూ కలిసింది వేరుగా ఏరుతాం. నూలు ముక్కలను ఆ మిల్లు చింపి మళ్లీ దారం చేస్తుంది. మిల్లు వద్దంటే షెడ్డుకు తాళమే, పదకొండు మంది ఆడవాళ్లం ఇంటికే. ఫోన్‌లో మాట పడి ఊరుకునే రకం కాదు నేను. ఒక మూట నమూనా కట్టుకున్నాను.

తోడుగా లక్ష్మమ్మ అవ్వ వచ్చింది. షెడ్డులో ఏ బట్ట ఏదో తేల్చేది ఆమే. పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తుంది, బూడిదను వేళ్ల మధ్య నలుపుతుంది. పొడి అయితే నూలు. గట్టి గింజ గుచ్చుకుంటే పాలిస్టర్ ఉన్నట్టు.

ఆరుంపావుకు నల్గొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి, ఆధార్ చూపిస్తే మా ఇద్దరికీ జీరో టికెట్.

"మూటకు లగేజీ కొట్టాలె," అన్నాడు కండక్టర్.

"మనుషులకు ఫ్రీ, పీలికలకు పైసలా?" అంది అవ్వ.

"మరి మూటకు ఆధార్ ఉన్నదా అవ్వా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి డబ్బులిచ్చాను.

దేవరకొండలో ఇడ్లీ తిని కల్వకుర్తి బస్సు పట్టుకున్నాం. దారి పొడవునా పత్తి చేలే. పక్క సీటు పెద్దాయన తన అంగీ నూలేనా అని అడిగాడు. అవ్వ అంచు రుద్ది చూసి, "సగం ప్లాస్టికే," అంది.

"పత్తి పండించేటోన్ని నేను. నాకే గిట్లాంటి అంగి అమ్మిండ్రా!" ఆయన దిగేదాకా తిడుతూనే ఉన్నాడు.

కల్వకుర్తిలో ఇంకో బస్సు మారి, పదకొండున్నరకు జడ్చర్లలో దిగి, ఆటోలో మిల్లు చేరాం. సూపర్‌వైజర్ గేటు దగ్గరే ఆపాడు.

"మీ ముక్కలు కాలబెట్టి చూసినం. గింజ కట్టినయ్."

అవ్వ మా మూటలోంచి ఒక ముక్క తీసి, నడుమ పోగు లాగి అంటించింది. పొడి బూడిద. తర్వాత కుట్టు దగ్గర అంటించింది. దారం ముడుచుకుని నల్ల గింజ అయింది. నాకు సిగ్గేసింది. మేమందరం కుట్టు మిషన్ మీద బతికినవాళ్లమే. అయినా బట్ట నడుమే కాల్చి చూశాం తప్ప, కుట్టిన దారం పాలిస్టర్ అని ఒక్కరికీ తట్టలేదు.

"కుట్టు కత్తిరియ్యకపోవుడు మా తప్పే సారూ. గాని బట్ట నూలే. సరుకంతా మిక్స్ అంటే ఒప్పుకోం," అన్నాను.

"మాకు ప్యూర్ ఇచ్చేటోళ్లు వేరే ఉన్నరు," అంటూ లోపల పేర్చిన బట్టముక్కల బేళ్లు, పెద్ద పెద్ద కట్టలు, చూపించాడు. అవ్వ అడగకుండానే వెళ్లి, ఒక ముక్క నడుమ నుంచి పోగు లాగి వెలిగించింది. చల్లారాక బూడిదను అతని అరచేతిలో పెట్టి, "నలిపి చూడు బిడ్డా," అంది. గింజ గుచ్చుకుంది.

"ఈడనే ఉండరాదు అవ్వా, జీతమిస్తం," అన్నాడు.

"నేనెందుకుంట? నీ బట్టనే మా షెడ్డుకు తోలు. పదకొండు మందిమి ఏరి పంపుతం."

కుట్లు కత్తిరించి పంపితే మా నూలు తీసుకుంటానన్నాడు. తన బేలు నుంచీ ఒక మూట ఏరిపెట్టమని ఇచ్చి, దాని లగేజీ ఖర్చు చేతిలో పెట్టాడు. రెండూ కలిసిన బట్టను ఏం చేయాలని అడిగితే, "కాలబెట్టుండ్రి," అన్నాడు. అది మాత్రం చేయం. ఒకే పోగులో రెండూ కలిపి నేసినవాళ్లు ఎక్కడో చల్లగా ఉంటే, ఆ పొగ మేమెందుకు మింగాలి? అవ్వ దానితో బొంతలు కుడుతుంది. మిగిలింది షెడ్డు వెనక గుట్టలా పెరుగుతోంది. పెరగనీ, నేసినవాళ్లు వచ్చి చూడాలి.

మూడింటికి తిరుగు బస్సు. తప్పు ఒప్పుకోవడానికీ తల వంచడానికీ మధ్య చాలా దూరం ఉందని ఆ సీట్లో కూర్చున్నాక నాకు బాగా తెలిసింది. కొత్త కండక్టర్ మూటలు చూసి ఆగాడు.

"ఏమున్నదమ్మా గిండ్ల?"

"మిల్లోళ్లకు తెల్వని బట్ట," అంది అవ్వ. "లగేజీ కొట్టు. గీసారి కిరాయి వాళ్లదే."