తప్పు చెవులది కాదు

హాలియాల కొత్త ఇల్లు కట్టినంక దశరథ్‌కు పాటల మోజు పట్టింది. కరెంటాఫీసు నౌకరి నుంచి రాంగనే ముందర అర్రల స్పీకర్ల కాడ కూసునేది. నున్నటి గోడలు, కింద గ్రానైటు బండలు. ఏది పెట్టినా రీసౌండ్ వచ్చి మాటలను మింగేది. దోస్తు రఘుపతిని అడిగి, అర్రల చప్పుడు ఎక్కడ ఉబ్బుతుందో మైకుతోటి కొలిచి తగ్గించే సాఫ్ట్‌వేరు కంప్యూటర్ల ఎక్కించిండు. కంప్యూటర్ పాటలు కడిగిన ముత్యాలైనయి.

తల్లి అండాలుకు ఆ పాటలతోని పని లేదు. ఆమెకు కావాల్సింది ఒక్క క్యాసెట్. సచ్చిపోయిన పెనిమిటి గాలయ్య చిరుతల భజనల పాడంగ ఎవలో రికార్డు చేసిండ్రు. దశరథ్ టేపురికార్డర్‌ను గూడ ఆ స్పీకర్లకే కలిపిండు.

"మాటలు కలిసిపోతున్నయి కొడుకా. జర మంచిగ పెట్టరాదు?"

"క్యాసెట్ అరిగిందమ్మా. నీ చెవులు గూడ మందమైనయి."

చెవుల మాట కొంత నిజమే. నల్లగొండ దవాఖానల చెవి మిషిను ఇప్పిచ్చిండు. అది పెట్టుకుంటే రీసౌండ్ ఇంకింత ఎక్కువాయె. ఆమె మిషిను తీసి అవతల పెట్టి, పాట అడుగుడే బంద్ చేసింది. పీడ పోయిందనుకున్నడు దశరథ్.

రెండేండ్లకు కొత్త టీవీ కొని అవే స్పీకర్లకు కలిపిండు. వార్తలు చదివే పిల్ల గొంతు కుండలకెళ్లి వచ్చినట్టు వచ్చింది. కొత్త టీవీ అరిగిపోదు గదా! అంటే అమ్మ క్యాసెట్ గూడ అరగలే. రఘుపతికి ఫోన్ కొట్టిండు.

"కంప్యూటర్ల ఉన్నది కంప్యూటర్ పాటనే సక్క చేస్తది దశరథన్నా. క్యాసెట్, టీవీ అన్నీ కలిసినంక, స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్‌కు ముందుగాల పెట్టాలె. గా పని చేసే డబ్బలు దొరుకుతయి."

డబ్బ తెచ్చి అమర్చి, తండ్రి క్యాసెట్ వేసిండు. ఒక్కొక్క మాట విడివిడిగ వచ్చింది. పాట నడుమ గాలయ్య దగ్గి, "అండాలూ, గిన్ని నీళ్లియ్యే" అన్నడు. ఆ మాట దశరథ్ ఎన్నడు ఇనలే.

తల్లిని తెచ్చి కూసోబెట్టి మల్ల వేసిండు. అప్పటికి ఆమెకు చెవిల నోరువెట్టి ఒర్రితే తప్ప ఇనబడకుంటయింది.

"ఎప్పుడు మొదలైతది బిడ్డా?"

పాట సగమైంది.

"బాపు నిన్ను నీళ్లడుగుతుండమ్మా!" చెవి కాడ ఒర్రిండు.

"ఎవలు?"

"బాపు!"

ఆమె మొఖం ఇప్పారింది. "దూప ఎక్కువ ఆయనకు" అన్నది.

దశరథ్ టేపు వెనుకకు తిప్పి, పాట మాటలు ఒక్కొక్కటే ఆమె చెవిల చెప్పుకుంట పోయిండు. రాగం చెప్పుడు తనతోని కాలే. కొంచెం సేపటికి ఆమె కొడుకు చెయ్యి పట్టుకొని, "నీ గొంతు పోతది, సాలు తియ్యి" అన్నది.