వాగు నడుమ ఆగిన మోటారు

ఉదయం ఆరు గంటలకు మా లారీలు ఆత్మకూరు చేరాయి. తుఫాను వాన ఇంకా తెరిపి ఇవ్వలేదు. బస్టాండు నిండా మూటలు, మేకలు, తడిసిన మనుషులు. మమ్మల్ని ఒక బడి ఆవరణలో దించి, టీ తాగమని పావుగంట టైమిచ్చారు. టీలో వాననీళ్ళే ఎక్కువ.

అప్పుడు నేను ఇంజనీర్ల పటాలంలో ఉన్నాను. పడవ వెనక బిగించే మోటారు నడపడం నా పని. మా వైపు ఈ మాట చెబితే ఇప్పటికీ నవ్వుతారు. మాది సీతారామపురం దగ్గర పల్లె. బావి అడుగున నాలుగు బిందెల నీళ్ళు ఊరితే మాకు అదే పండగ. పడవ అనేదాన్ని నేను పటాలంలో చేరాకే కళ్ళతో చూశాను. తొంభైలలో నన్ను దేశమంతా తిప్పారు. చివరికి వరద డ్యూటీ అని తెచ్చి, మా ఇంటికి రెండు బస్సుల దూరంలో దించారు. ఇంటికి పోదామంటే సెలవు లేదు. సెలవిచ్చినా ఉదయగిరి రోడ్డు తెగిపోయి ఉంది.

పదకొండింటికి ఆర్డరు వచ్చింది. పెన్నలో కలిసే ఒక వాగు పొంగి, అవతలి పల్లె దీవిలా మిగిలిపోయింది. అక్కడ ఒకామెను పాము కరిచింది. సూదిమందు ఆత్మకూరు ఆసుపత్రిలో ఉంది. ఇవతలి ఒడ్డున జీపు ఆగి ఉంది. మధ్యలో మిగిలింది మేమే.

పడవలో ముగ్గురం. ముందు హవల్దారు, వేలూరు వైపు మనిషి, మాతో తిరిగి తెలుగు బాగానే పట్టాడు. నడుమ వైర్‌లెస్ ఆపరేటర్. వెనక నేను, మోటారు, ఎర్ర పెట్రోలు ట్యాంకు, పనిముట్ల సంచి. పల్లెకి ఇవ్వాల్సిన బియ్యం మూటలు, ఒక కిరసనాయిలు డబ్బా కూడా వేశారు. బరువెక్కువైందని స్పేర్ పెట్రోలు క్యాను ఒడ్డునే దించమన్నాడు హవల్దారు. కిరసనాయిలు డబ్బా దారి పొడుగునా కారుతూనే ఉంది. పడవంతా, మా బట్టలంతా అదే కంపు.

వాగు దాటడానికి ఏ ఇబ్బందీ రాలేదు. పల్లె జనమంతా దిబ్బ మీది చర్చిలో ఉన్నారు. పాము కరిచినామె పేరు మరియమ్మ. కట్టెల మోపు లాగబోతే చేతి మీద కాటేసింది. కనురెప్పలు అప్పటికే సగం వాలాయి. నోరు మాత్రం వాల్లేదు.

"నన్ను మంచం మీద మోయబాకండి. నడస్తానంటే వినరేంది?"

భర్త యేసోబు ఆమె పక్కనే అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఏదో ఒకటి చేయాలి, ఏం చేయాలో తెలియదు.

బియ్యం, డబ్బా దించి, ముగ్గురం మంచం మోసుకొచ్చాం. యేసోబు మాకంటే ముందే పడవ దగ్గరికి పరుగెత్తాడు. ఆమెను పడవలో పడుకోబెట్టాం. యేసోబు ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తాడు ఒక్కసారి లాగాను, మోటారు అందుకుంది. బాగానే పోతున్నాం. సరిగ్గా నడి వాగులో దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.

పడవ గిర్రున తిరిగింది. ఆ ఉరవడిలో తెడ్లు వేసి ఒడ్డు చేరడం కల్ల. దిగువన కూలిన వంతెన స్తంభాలు. హవల్దారు, ఆపరేటర్ తెడ్లతో ఎలాగో నీళ్ళలో మునిగిన ఒక వేపచెట్టు కొమ్మల దాకా తోశారు. తాడు కట్టాం. నీళ్ళకి భయపడి ఊళ్ళో ఉన్న గండుచీమలన్నీ ఆ చెట్టెక్కినట్టున్నాయి. మా మెడల మీద రాలాయి.

"ఒడ్డుకి చెప్తున్నా. మోటారు ఆగింది. చెట్టుకి కట్టుకున్నాం. ఓవర్," అన్నాడు ఆపరేటర్.

"ఇంకో పడవ మర్రిపాడు వైపు పోయింది. రావడానికి రెండు గంటలు. ఓవర్," అని ఒడ్డు నుంచి జవాబు వచ్చింది.

మరియమ్మకి రెండు గంటలు లేవు. అది అందరికీ తెలుసు.

మోటారు ఆగితే చూడమని మాకు నేర్పిన వరస ఒకటుంది. ముందు నూనె, అంటే పెట్రోలు, తర్వాత నిప్పు, తర్వాత గాలి. ట్యాంకు మూత మీది గాలి మర తెరిచే ఉంది. గొట్టం సరిగ్గానే ఉంది. దాని నడుమ రబ్బరు బుడ్డి నొక్కితే గట్టిగానే ఉంది. అంటే నూనె అందుతోంది. తాడు లాగాను, రాలేదు. ప్లగ్గులు ఊడదీశాను. తడిసి కారుతున్నాయి. ఇనుముకి ఆనించి తాడు లాగితే నీలం నిప్పురవ్వ బాగానే పడింది. చీమలు కుడుతున్నాయి, దులుపుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

నూనె ఉంది, నిప్పు ఉంది. మరి రోగం ఎక్కడ? గొట్టం ఊడదీసి, నాలుగు చుక్కలు అరచేతిలో వేసి రుద్దాను. పెట్రోలైతే చెయ్యి చల్లబడాలి. చల్లబడలేదు. జిడ్డుగా అట్లే ఉంది.

"ఈ ట్యాంకులో ఎవురన్నా ఏమన్నా పోసినారా?" అని అడిగాను.

యేసోబు తలెత్తాడు. "నేనే పోసినాను నాయనా. మీరు మంచం మోసుకొచ్చేలోపు మూత తీసి చూసినాను. సగం కూడా లేదు. తిరిగి పొయ్యేటప్పుడు బరువు గదా, చాలదేమో అని, మా ఇంజను డబ్బా తెచ్చి వంచినాను."

"ఏం పోసినావు?"

"కిరసనాయిలు. మా బావికాడ ఇంజను దాంతోనే గదా నడిచేది."

హవల్దారు అరవంలో తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. యేసోబు రెండు చేతులూ చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఆయన్ని ఏమనబాకండి సారూ," అంది మరియమ్మ. నాలుక మందమైంది. "మంచి చేద్దామనే... చేసినాడు. పెండ్లైనకాడి నుంచి... ఇట్లనే..." మిగతా మాట అర్థం కాలేదు.

నాకూ ఒళ్ళు మండింది. కానీ ఆ ఇంజను మా ఇంట్లోనూ ఉండేది. మా నాయన మూతెడు పెట్రోలు పోసి స్టార్ట్ చేసేవాడు. వేడెక్కాక కిరసనాయిలుకి తిప్పేవాడు. ఒకసారి అందుకుంటే బావి అడుగు కనిపించేదాకా ఆపనిచ్చేవాడు కాదు. చల్లబడితే మళ్ళీ మూతెడు పెట్రోలు దండగ అని గోల.

ప్లగ్గులు కడగడానికి సంచిలో చిన్న సీసాడు పెట్రోలు ఉంది.

"సాబ్, స్టార్ట్ చేయగలిగితే దీంతోనే నడుస్తది. కానీ మధ్యలో తగ్గించకూడదు, ఆపకూడదు," అన్నాను.

"మోటారు పోతుంది కదరా?"

"పోతది సాబ్."

హవల్దారు మరియమ్మ వైపు చూశాడు. "పోనీ. చెయ్యి."

కార్బొరేటర్ అడుగు మర తీసి, ఉన్నదంతా కార్చేశాను. బనీను విప్పి ప్లగ్గులు తుడిచాను. ప్లగ్గు బొక్కల్లో కాస్త, కార్బొరేటర్‌లో కాస్త పెట్రోలు పోసి బిగించాను. లాగాను. టప్పుమని పేలి ఊరుకుంది. సీసాలో ఇంకొక్కసారికే ఉంది. ప్లగ్గులు మళ్ళీ తీశాను, మళ్ళీ తుడిచాను. ఆపరేటర్ తన చొక్కా అంచుతో వాన పడకుండా అడ్డం పట్టాడు. చివరి చుక్క దాకా పోశాను. రాకపోతే చేతులతో ఈదుకుంటూ పడవని లాక్కెళ్దామనే అనుకున్నాను. అంత మొండితనం పట్టింది.

లాగాను. అందుకుంది.

రోట్లో రాళ్ళేసి దంచినట్టు చప్పుడు. తెల్లటి పొగ. ఎడమ చేత్తో రబ్బరు బుడ్డి పిసుకుతూ, కుడి చేత్తో వేగం పెంచి, వేడెక్కనిచ్చాను. "కొయ్యండి సాబ్!" అని అరిచాను. హవల్దారు కత్తితో తాడు కోశాడు. ఇక నేను ఎటూ చూడలేదు. ఒడ్డు దగ్గరైనా వేగం తగ్గించలేదు. పడవ బురదలోకి దూసుకెళ్ళి కూర్చుంది. ఆ తర్వాతి గంటలో మోటారు విప్పి చూస్తే లోపల గీతలు పడి, పనికిరాకుండా పోయింది.

మరియమ్మ బతికింది. రెండో రోజు ఆసుపత్రి నుంచి జీపు డ్రైవరు ఆ కబురు తెచ్చాడు. హవల్దారు, నాకు తెలిసి మొదటిసారి, ఎవరినీ తిట్టకుండా ఒక పూట గడిపాడు. వారం తర్వాత పటాలం వెనక్కి కదిలింది. ఉదయగిరి రోడ్డు అప్పటికీ బాగుపడలేదు. ఇంటికి పోకుండానే లారీ ఎక్కాను.

తర్వాత మంచులో కాపలా కాశాను, ఎడారిలో గుడారాలు వేశాను. అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒడ్డున జీపెక్కించేటప్పుడు చూసింది మాత్రం కలిసిపోలేదు. మరియమ్మకి అప్పటికి మాట పడిపోయింది. మెడ నిలవడం లేదు. "తల పట్టుకోన్నా," అన్నాను యేసోబుతో.

"నా చేతులు కంపు కొడతాండాయి నాయనా," అన్నాడు.

అక్కడున్న అందరం అదే కంపు కొడుతున్నాం. ఆ మాట చెప్పేలోపే అతను జీపెక్కి, ఆమె తలని రెండు మోచేతుల మడతల్లో ఇముడ్చుకున్నాడు. జీపు కదిలింది. గుంతల్లో ఎగిరెగిరి పడుతున్నా ఆమె తల కదలనివ్వలేదు. అరచేతులు రెండూ మాత్రం ఆమెకి తగలకుండా గాలిలో ఎడంగా పట్టుకుని, మలుపు తిరిగేదాకా అలాగే కూర్చుని ఉన్నాడు.