రెండో తొట్టి

ఎక్కడ ఇద్దరు మతం గురించి వాదించుకున్నా కొర్నేలియస్ వీన్స్ అక్కడే కూలబడి ఎడమ కాలి బూటు విప్పేవాడు. ముందు బూటు, తర్వాత కాలికి చుట్టుకున్న గుడ్డ. ఆ పాదాన్ని ఇద్దరి మధ్యకీ చాపి ఎదురుచూసేవాడు.

ఆ పాదానికి మూడే వేళ్ళు. మిగతా రెండూ యుద్ధకాలంలో ఉత్తరాది అడవిలో, కలప కొట్టే శిబిరంలో ఉండిపోయాయి. వాటి గురించి అతను ఎన్నడూ మాట్లాడలేదు. పాదం వాసన గురించి మాత్రం ఊరంతా మాట్లాడేది.

"ఏమిటి మామా ఇది?" అని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు.

"కాలు. కడుగుతారేమోనని."

"ఇప్పుడా?"

"మాట మీద మాట పెరుగుతోంది కదా. ముందు నాది కడగండి. చెయ్యి అలవాటయ్యాక ఒకళ్ళవి ఒకళ్ళు కడుక్కోండి."

ఆ పాదం ఎదురుగా ఉండగా ఏ వాదమూ ఎక్కువసేపు నిలవలేదు. ఒకసారి రొట్టెల కొట్టు ముందు వరసలో, ఒకసారి పెళ్ళి విందులో నూడుల్స్ పులుసు చల్లారిపోతుండగా, ఒకసారి చావింట్లో కూడా అతను బూటు విప్పాడు. సామూహిక వ్యవసాయ క్షేత్రం సమావేశంలో బీట్‌రూట్ విత్తనాల మీద గొడవైతే అక్కడా విప్పబోయాడు. ఇది మతం కాదని పక్కవాడు చెవిలో చెప్పాక తొడుక్కున్నాడు.

కిర్గిజ్ నేల మీద, చూ అనే నది లోయలోని ఆ ఊళ్ళో మెన్నొనైట్ క్రైస్తవుల ప్రార్థనా మందిరం ఒకటే. అందులో మనుషులు రెండు రకాలు. బాప్తిస్మానికి తల మీద నీళ్ళు పోసేవాళ్ళు ఎడమ వైపు బల్లల మీద, మనిషిని నిలువునా ముంచేవాళ్ళు కుడి వైపు. మునగందే బాప్తిస్మం కాదని వీళ్ళు. మునిగినంత మాత్రాన మనసు తడవదని వాళ్ళు. సైన్యంలోకి పిలిచిన కుర్రాళ్ళు తుపాకీ ముట్టుకోవడమే పాపమని పోసేవాళ్ళు, అది ఎవరి మనస్సాక్షి వాళ్ళు చూసుకోవాలని ముంచేవాళ్ళు. రెండో మందిరానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. అందుకని ఒకే కప్పు, ఒకే పొయ్యి.

ఆ పొయ్యి వెలిగించేది అగనేత. ఆమె పోసేవాళ్ళ మనిషి. ఆమె అక్క యుస్తీనా ముంచేవాళ్ళలో ఒకతన్ని పెళ్ళి చేసుకుని అటు వెళ్ళింది. ఇప్పుడు ఇద్దరూ విధవలు. ఒకే ఇంట్లో, ఒకే టీ కుండ ముందు బతుకుతున్నారు.

"మూడు చుక్కలు పడ్డాయి నీ మీద. దానికే మోక్షమా?" అనేది యుస్తీనా.

"నువ్వు పూర్తిగా మునిగావు కదక్కా. నోరు మాత్రం పైనే ఉండిపోయినట్టుంది."

ఏడాదికి రెండు ఆదివారాలు ఈ మాటలుండవు. రొట్టె విరిచి పంచుకునే ముందు, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టే, సంఘంలో జతలు జతలుగా ఒకరి కాళ్ళు ఒకరు కడగాలి. ఎవరితో మనసు చెడిందో వాళ్ళవే ముందు కడగాలన్నది పెద్దల కాలం నుంచీ వస్తున్న మాట. ముప్పై ఏళ్ళుగా అగనేత అక్క కాళ్ళే కడుగుతోంది. ఏడాది పొడుగునా నోటితో చెప్పలేనిది ఆ కాసేపట్లో చేతులతో చెప్పేది. ఇద్దరికీ మరో దారి తెలియదు.

ఆ ఏడాది ఈస్టరుకు ముందు సంఘపెద్ద గెర్హార్ట్ ఇజాక్ లేచి నిలబడ్డాడు. ముంచేవాళ్ళ మనిషి. మంచివాడు. అబద్ధం చెప్పడం చేతకానివాడు. దానివల్లే చిక్కు.

"మనం ఒకటే నమ్మడం లేదు. ఒకే నీళ్ళలో చేతులు పెట్టి, నమ్ముతున్నట్టు నటిస్తున్నాం. నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. వచ్చే ఆదివారం నుంచి రొట్టెకు రెండు పళ్ళేలు, కాళ్ళకు రెండు తొట్లు. ఎవరి వైపువాళ్ళు తమ వైపువాళ్ళకే కడగాలి."

అగనేత చీపురు పట్టుకుని గుమ్మంలో ఉంది. కుడివైపు బల్ల మీద అక్క తల వంచుకుంది. కొర్నేలియస్ అప్పటికే బూటు లాగుతున్నాడు.

"వద్దు, సోదరా," అన్నాడు గెర్హార్ట్. "ఈసారి నవ్వను."

కొర్నేలియస్ బూటు తిరిగి తొడుక్కున్నాడు. మతం గొడవలో అతను మధ్యలో ఆగడం అగనేత ఎన్నడూ చూడలేదు. అప్పుడు భయం వేసింది.

"రెండో తొట్టి నువ్వే చెయ్యాలి," అన్నాడు గెర్హార్ట్.

"చేస్తాను."

కొర్నేలియస్‌ది రేకు పని. లోయలో అతని బకెట్టు లేని ఇల్లు లేదు. నలభై ఏళ్ళలో అతను తగరం కరిగించి అతుక్కి మాటు వేసిన చోట చుక్క కారలేదు. మనిషి గురించి ఏమన్నా ఊరుకునేవాడు గానీ, మాటు గురించి అంటే ఊరుకునేవాడు కాదు.

అగనేత అతని కొట్టుకు వెళ్ళింది. "నువ్వు చెయ్యనంటే ఆయనేం చేస్తాడు మామా?"

"బజారులో కొంటాడు."

"మరి నేను అక్క కాళ్ళు కడగక్కర్లేదా?"

అతను రేకు మీద గీత గీస్తూ, "వెలుతురుకు అడ్డం తప్పుకోమ్మా," అన్నాడు. ఆమె అతన్ని మనసులో తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది. తమవాడే, పోసేవాళ్ళ వైపు బల్ల మీద కూర్చునేవాడే, చేసిస్తున్నాడు.

ఆదివారం వచ్చింది. బయట మంచు కరిగి బురదగా ఉంది. రబ్బరు తొడుగులు గుమ్మంలో వదిలి అందరూ ఉన్ని బూట్లతోనే లోపలికి వచ్చారు. పాత తొట్టి ఎడమవైపు, కొత్తది కుడివైపు పెట్టారు. కొత్తది అద్దంలా మెరుస్తోంది. ముందు ఆడవాళ్ళ వంతు. మగవాళ్ళు వీపులు తిప్పి పాట ఎత్తుకున్నారు. అగనేత రెండింట్లోనూ వేడినీళ్ళు పోసింది. అక్క వైపు చూడలేదు.

రెండో చరణంలో ఎవరో కెవ్వుమన్నారు.

కొత్త తొట్టి కారుతోంది. చుక్కలు చుక్కలుగా కాదు. నీళ్ళు వాలుగా ఉన్న చెక్క నేల మీద పరుగెత్తి, బల్లల కింద దూరి, కుడి నుంచి ఎడమకి వచ్చేశాయి. ఉన్ని బూటు తడిస్తే మూడు రోజులకు గానీ ఆరదు. పోసేవాళ్ళూ ముంచేవాళ్ళూ ఒక్కసారే బూట్లు లాగి బల్లల మీదికి ఎక్కించారు. నిమిషంలో సంఘం మొత్తం ఉత్తి కాళ్ళతో నిలబడింది. వంకర వేళ్ళు, ఆనెలు, పగుళ్ళు. ఏ కాలు ఏ బాప్తిస్మానిదో చెప్పడం కష్టం.

"కొర్నేలియస్!" అన్నాడు గెర్హార్ట్. అతనూ ఉత్తి కాళ్ళతోనే ఉన్నాడు. "కారుతోంది!"

"కారుతోంది," అన్నాడు కొర్నేలియస్. "ముసలివాణ్ణి. చెయ్యి వణికింది."

వెనక బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ. మాటల పోటుగాడు మాటు వెయ్యలేకపోయాడన్నారు. అతను టోపీ చేత్తో పట్టుకుని అన్నీ విన్నాడు.

గెర్హార్ట్ నేల మీది నీళ్ళ వైపు చూశాడు. "రొట్టె విషయంలో నేను మారను," అన్నాడు. "పళ్ళేలు రెండే. కాళ్ళ సంగతి..." తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "ఉన్నది ఒక్క తొట్టి. కానివ్వండి."

యుస్తీనా వచ్చి చెల్లెలి ముందు కూర్చుంది. "నీళ్ళు చల్లారాయి," అంది.

"నీ నోరు చల్లారితే చాలు," అని అగనేత ఆమె మడమ చేతిలోకి తీసుకుంది.

అందరూ వెళ్ళాక అగనేత నేల తుడిచి, కొత్త తొట్టి బోర్లించింది. అడుగున అతుకు వెంట వేలెడు మేర మాటు లేదు. వణికిన చెయ్యి వదిలేసిన చోటు కాదది. అక్కడ అంచును ఆకురాయితో నున్నగా అరగదీశారు, నీళ్ళు సులువుగా జారేటట్టు.

ఆమె తొట్టి దగ్గరే కూర్చుండిపోయింది. తగువు ఆగాలంటే నవ్వు ఎవరో ఒకరి మీద పడాలి. ఇన్నేళ్ళూ ఆ ముసలాయన దాన్ని కాలితో ఆపాడు. కాలు చాలనప్పుడు చేతిపనికున్న పేరే ఇచ్చేశాడు.

సాయంత్రానికే కబురు లోయంతా పాకింది. పొరుగున ఉండే కిర్గిజ్ ఆవిడ బురుల్ రెండు బకెట్లు పట్టుకుని అతని గుమ్మం ముందు నిలబడింది. "తాతా, ఇవి నీ చెయ్యి వణకక ముందువా, తర్వాతవా?"

"నీళ్ళు పోసి చూసుకో, తల్లీ."

అగనేత వీధిలోనే ఉంది. నోటిదాకా వచ్చిన మాటను వెనక్కి మింగింది. చెబితే ఆ తొట్టి మళ్ళీ చెయ్యాల్సి వస్తుంది.

మర్నాడు పొద్దున్నే పాలకు వెళుతూ ఆమె అతన్ని కాలవలో చూసింది. నీళ్ళు ఇంకా వదల్లేదు. కాలవ నిండా బురద. పెంతెకొస్తు పండక్కి ముంచేవాళ్ళు బాప్తిస్మం ఇచ్చే మలుపు అది. కొర్నేలియస్ వంగి పదునైన రాళ్ళు ఏరి గట్టు మీదికి విసురుతున్నాడు. కాళ్ళకు గెర్హార్ట్ ఇజాక్ రబ్బరు బూట్లు ఉన్నాయి, రెండు సైజులు పెద్దవి.

"మామా, నువ్వు పోసేవాడివి కదా?"

"చచ్చేదాకా పోసేవాణ్ణే. మనిషిని ముంచడం తప్పని నిన్న కూడా గెర్హార్ట్‌తో చెప్పాను."

"మరి ఇదేమిటి?"

"ఉత్తి కాళ్ళతో దిగుతారమ్మా. రాయి గుచ్చుకుంటే పాట శ్రుతి తప్పుతుంది. అసలే వాళ్ళవి అంతంతమాత్రం గొంతులు," అని అతను ఇంకో రాయి కోసం వంగాడు.