జారిన చోట ఆకు

మాది వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. పెళ్లికో గృహప్రవేశానికో గిన్నెలు కొన్నవాళ్లు వాటి మీద పేర్లు కొట్టించుకుంటారు కదా, ఇంటర్ చదివే రోజుల నుంచీ మా దుకాణంలో ఆ పని నాదే. పెన్నులాంటి మిషన్‌ను కరెంటుకు తగిలిస్తే జుయ్యిమంటూ స్టీలు మీద చుక్కలు చుక్కలుగా గీత వేస్తుంది. చెంబు గుండ్రంగా ఉంటుంది, చేయి జారుతుంది. స్టీలు మీద రబ్బరు పనిచేయదు. జారితే ఏం చేయాలో బాపు, అంటే మా నాన్న, మొదటి రోజే చూపించాడు. జారిన గీతకు ఇంకో గీత కలిపి ఆకు చేశాడు, ఆకు పక్కన పువ్వు పెట్టాడు.

"గిరాకీకి చెప్పకు బిడ్డా, ఎవ్వలకు తెల్వదు," అన్నాడు.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలని నా ఆశ. డిగ్రీ అయ్యాక హన్మకొండలో ఒక సారు దగ్గర డ్రాయింగ్ క్లాసుల్లో చేరాను. సారు మంచివాడే కానీ చాదస్తం ఎక్కువ. నా మొదటి బొమ్మ చూసి, "ఏందమ్మా, గీత గిట్ల వణుకుతాంది? చలిజ్వరం గిట్ల అచ్చిందా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి పంతం పట్టి గీసిందే గీసి, చెరిపిందే చెరిపి, గీతను నున్నగా చేసుకున్నాను. వణుకు పోయింది. కొన్నాళ్లకు సారు నా కాగితమే అందరికీ చూపించి, గీత ఇలా ఉండాలన్నాడు.

బాపుకు మాత్రం ఓపిక అయిపోయింది. దుకాణంలో మనిషి తక్కువ. అప్పుడే హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్లు ఒక మేక కథకు బొమ్మలు కావాలని అడిగితే సారు నా పేరు చెప్పాడు. ముందు రెండు బొమ్మలు పంపాలి, నచ్చితే పుస్తకం ఇస్తారు. ఇంట్లో చెప్పగానే బాపు తేల్చేశాడు.

"గీ పుస్తకం అచ్చిందనుకో, నీ ఇష్టం. నేనేమన. రాకుంటె మాత్రం క్లాసులు బంద్, పొద్దంత దుకాణంల కూసోవాలె. సరేనా?"

సరేనన్నాను. సారు మెచ్చిన నున్నటి గీతతోనే రెండు బొమ్మలు వేసి పంపాను. ఆ పుస్తకాలు వేసే మేడం ఫోన్ చేసింది.

"శుభ్రంగా ఉన్నాయమ్మా. కానీ ఇలాంటివి మాకు చాలామంది పంపుతారు. మీవి అనిపించేవి ఏమైనా ఉంటే ఈ వారంలో పంపండి."

నావి కాక మరి ఎవరివట అవి! ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని దుకాణానికి పోయాను. పెళ్లిళ్ల సీజను, తాంబాళాలు గుట్టగా పడి ఉన్నాయి. రఘునాథపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ తన బిడ్డ పెళ్లి సామాను మీద దగ్గరుండి పేర్లు కొట్టిస్తోంది. కోపం మీదున్న చేయి ఊరుకుంటుందా? మొదటి తాంబాళం మీదే మిషన్ సర్రున జారి గీత అంచు దాకా పోయింది. ఆకుతో కప్పేంత చిన్నది కాదు. దాన్నే తోక అనుకుని, రెక్కా ముక్కూ పెట్టి చిలుకను చేశాను.

"ఓయమ్మా, చిలుక ఎంత మంచిగున్నదే! అన్నిటి మీద గిదే ఎయ్యి బిడ్డా."

"అన్నిటి మీదనా పెద్దమ్మా?"

"మరి? ఒక్కదానికి ఏసి తక్కినయి ఊకె ఇడుస్తవా?"

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. గల్లా దగ్గర బాపు నవ్వు బిగబట్టుకున్నాడు. రెండో చిలుక తల తిప్పింది, మూడోది జామకాయ కొరికింది. ఒక్కటీ ముందుదానిలా రాలేదు. పొద్దుగూకే వేళకు నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఇంటికి వచ్చి పెన్సిలూ రబ్బరూ అవతల పడేసి, నల్ల పెన్నుతో నేరుగా మేకను మొదలుపెట్టాను, మిషన్ పట్టుకున్నట్టే, చుక్కలు చుక్కలుగా. వెనక కాలి దగ్గర పెన్ను జారింది. కాగితం మార్చలేదు. జారినచోట గడ్డిపరక మొలిపించి, మేక మెడ తిప్పి దానికేసి చూస్తున్నట్టు వేశాను. అలాగే ఇంకోటి వేసి రెండూ పంపాను. రెండు రోజులకు ఫోన్ వచ్చింది.

"ఇవే కావాలి. పుస్తకమంతా ఇలాగే వేయండి," అంది మేడం. ఎగిరి గంతేశాను. సారుకు చూపిస్తే కాగితం వెలుగుకు పట్టి చూశాడు. "మల్ల వణుకే పట్టుకచ్చినవ్," అన్నాడు. "ఉండనియ్యి. ఈసారి జ్వరమైతే లేదు."

క్లాసులు బంద్ కాలేదు. అచ్చయిన పుస్తకం దుకాణానికే వచ్చింది. బాపు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. కథ ఒక్క ముక్క చదవలేదు. మేక బొమ్మ దగ్గర ఆగి గడ్డిపరక మీద వేలు పెట్టాడు.

"గీడ జారింది గదా?"

మేడం అడగలేదు, సారు అడగలేదు ఆ మాట.

"జారింది బాపూ."

గిరాకీ ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, బాపు గొంతు తగ్గించాడు.

"చెప్పకు బిడ్డా. ఎవ్వలకు తెల్వదు."